మూడో పీపా

మా అమ్మ మూడు నెలలకని వచ్చి ఎనిమిది నెలలు ఉండిపోయింది. కరోనా వచ్చిన ఏడాది ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్‌లో దిగింది, మార్చిలో విమానాలు ఆగిపోయాయి. వీసా పొడిగింపుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్క, పంపిన మెయిల్‌కి జవాబు రాక నేను గోళ్ళు కొరుక్కుంటుంటే, అమ్మ తన జాకెట్టు ముక్కలతో మాస్కులు కుట్టుకుంటూ కూర్చుంది. నాకు ఆకుపచ్చది, మా ఆయనకి జరీ అంచుది. ఆయన ఆ జరీ మాస్కుతోనే సూపర్ మార్కెట్‌కి వెళ్ళొచ్చేవాడు. ఎవరేమనుకుంటారో అన్న బెంగ ఆ వరంగల్ మనిషికి పుట్టుకతోనే లేదు. మా ఇంటికి రావలసిన బెంగంతా నా వాటాకే వచ్చింది.

అమ్మ ముక్కు గురించి ముందే చెప్పాలి. గుంటూరులో మా వీధిలో పచ్చళ్ళు పెట్టిన ప్రతి ఇంటివాళ్ళూ వర్షాలు మొదలయ్యాక ఒకసారి అమ్మని పిలిచేవాళ్ళు. ఆవిడ జాడీ మూత తీసి, వాసెన గుడ్డ పక్కకి జరిపి, రెండు క్షణాలు వాసన చూసి, "ఇది ఏడాదంతా ఉంటుంది, దీన్ని మాత్రం ముందు వాడెయ్యండి" అని తేల్చేసేది. రుచి చూసేది కాదు. ఇంకొకళ్ళ జాడీలో వేలు పెట్టడం ఎంగిలి పనిగా అనిపించేదేమో. జర్మనీ వచ్చాక ఆ ముక్కు మా ఫ్రిజ్ మీద పడింది. పాల ప్యాకెట్ మీద అచ్చేసిన తేదీని ఆవిడ ఒక్కనాడూ నమ్మలేదు.

నాకేమో వాసనంటేనే భయం. ఈ ఊరొచ్చిన కొత్తలో నేను ఇంగువ పోపు వేస్తే కింది ఇంటావిడ పైకొచ్చి, గ్యాస్ ఏమైనా లీకవుతోందా అని ఎంతో మర్యాదగా అడిగి వెళ్ళింది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఇంగువ మానేశాను. అమ్మ వస్తూ వస్తూ సూట్‌కేసులో పెద్ద డబ్బా తెచ్చింది. నేను దాన్ని అల్మారాలో పిండి వెనక దాచేదాన్ని, ఆవిడ మళ్ళీ ముందుకి తెచ్చి పెట్టేది.

ఆగస్టులో కొంచెం సడలింపులొచ్చాయి. మా ఆయనకి పుట్టినరోజుకి ఆఫీసువాళ్ళు ఒక కూపన్ ఇచ్చారు. నెక్కర్ నది పక్కన గుట్టమీద ఉన్న చిన్న ఇటాలియన్ వైనరీ, ముగ్గురికి తోట చూపించి, వైన్ రుచి చూపిస్తారు. మూడో మనిషిగా ఎవరిని తీసుకెళ్ళాలి అంటే, "అత్తమ్మను తీస్కపోదాం. ఆర్నెల్ల నుంచి ఈ గోడలే చూస్తున్నది పాపం" అన్నాడు. వైన్ తాగే చోటికి అమ్మా అని నేను నసిగాను. అమ్మ అప్పటికే పులిహోర కలపడం మొదలుపెట్టింది.

ఎస్‌బాన్ రైలు దిగి, రాతి మెట్లెక్కి, అమ్మ మోకాళ్ళకోసం ఐదుసార్లు ఆగి వెళ్ళేసరికి వైనరీ యజమాని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న సిసిలీ నుంచి ఇక్కడి కార్ల ఫ్యాక్టరీకి కూలికొచ్చాడట. మరీ నిటారుగా ఉందని ఎవరూ వద్దనుకున్న ఈ గుట్ట ముక్కని కొని ద్రాక్ష వేశాడట. ఈయన కూడా అదే ఫ్యాక్టరీలో పనిచేస్తూనే నాన్నతో పాటు వైన్ చేసి, రిటైరై, ఇప్పుడు తోటంతా ఒంటిచేత్తో చూసుకుంటున్నాడు. భార్య పోయింది. కూతురు లైప్‌జిగ్‌లో ఉంటుంది, ఇంక చాలు, తోట అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని పోరుతోందట. మాట అంతా ఇక్కడి మనుషుల యాసే, చేతులు మాత్రం ఇటలీవే. అమ్మని చూడగానే వంగి "సిన్యోరా" అన్నాడు. అమ్మ రెండు చేతులూ జోడించింది. కరోనా పుణ్యమా అని మన నమస్కారానికి అక్కడ మంచి రోజులొచ్చాయి.

చీటీ మీద మా పేర్లు, ఫోన్ నంబరు రాయించుకుని తోట చూపించాడు. ఆ తర్వాత గుట్టలోకి తొలిచిన చల్లటి గదిలోకి తీసుకెళ్ళాడు. అందులో మూడు పీపాలు, పక్కన ఒక స్టీలు ట్యాంకు.

"పోయిన ఏడాది పంటంతా ఈ మూడే. రేపు పొద్దున మూడూ ఆ ట్యాంకులో కలిపేస్తాను. సోమవారం సీసాలు నింపే లారీ వస్తుంది" అన్నాడు.

పొడవాటి గాజు గొట్టంతో మొదటి పీపాలోంచి తీసి గ్లాసుల్లో పోశాడు. మా ఆయన ఏవో వీడియోలు చూసి నేర్చుకొచ్చిన విద్యంతా ప్రదర్శించాడు. గ్లాసు తిప్పాడు, వెలుగులో చూశాడు, పుక్కిలించి పక్కనున్న బకెట్లో ఉమ్మాడు. అమ్మ గబుక్కున అటు తిరిగిపోయింది.

"తాగేది తాగక మళ్ళీ ఉమ్మడమేంటే? అందరి ఎంగిలీ ఒకే బకెట్లోనా?" అంది నాతో.

ఆవిడకీ ఒక గ్లాసు ఇచ్చాడు. తాగదని చెప్పబోయాను. అమ్మ అప్పటికే మాస్కు కిందకి లాగి, జాడీ దగ్గర నిలబడ్డట్టే నిలబడి, వాసన చూసి తలూపింది. ఆ ముసలాయన గొట్టం పట్టుకుని ఆవిడ మొహాన్నే చూస్తున్నాడు. మా మాటలు కాదు, మా మొహాలు చూస్తున్నాడని నాకు అప్పుడే అనిపించింది. రెండో పీపా కూడా అంతే. అప్పటికి మా ఆయన ఫొటోలు తీసుకుంటానని తోటలోకి వెళ్ళాడు. మూలనున్న మూడో పీపా దగ్గర అమ్మ ఒకసారి వాసన చూసి, ఆగి, మళ్ళీ చూసింది.

"ఇది పోయిందే. నువ్వు గోళ్ళరంగు తుడుచుకునే మందు లేదూ, ఆ వాసనొస్తోంది. గాలి తగిలినట్టుంది. చెప్పు ఆయనకి" అంది.

"మీ అమ్మగారు ఏమన్నారు?" అని ఆయన అడిగాడు.

మన మొహమాటం ఎంత పాడుదో ఆ క్షణం నాకు తెలియలేదు. ఒకరింటికెళ్ళి, వాళ్ళు ఆప్యాయంగా చేతిలో పెట్టినదాన్ని బాగాలేదంటామా? పైగా పుట్టి బుద్ధెరిగి వైన్ ముట్టని మనిషి మాట నమ్మి, యాభై ఏళ్ళుగా అదే పని చూసిన ఆయనకి చెప్పడమా? నాకైతే ఎరుపూ తెలుపూ తప్ప వైన్‌లో ఇంకో తేడా తెలియదు.

"చాలా బాగుందన్నారు" అని చెప్పాను.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. అది నాకు వినిపించింది కూడా.

బయట ద్రాక్షపందిరి కింద బల్ల వేశాడు. రొట్టె, చీజ్ పెట్టాడు. అమ్మ సంచీలోంచి పులిహోర డబ్బా తీసింది. మూత తియ్యగానే ఇంగువ గుప్పుమంది. నాకు ప్రాణం చచ్చిపోయింది. ఆయన వచ్చి సరిగ్గా ఆ డబ్బాకి ఎదురుగా కూర్చున్నాడు. ముక్కు చిట్లించలేదు, కుర్చీ వెనక్కి జరపలేదు. ఎంత సంస్కారవంతుడో అనుకుని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అమ్మ ఆయన పళ్ళెంలో రెండు చెంచాలు వడ్డించింది. ఆయన తిని, కాసేపు చెంచా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"పులుపు తెలుస్తోంది. కారం తెలుస్తోంది. ఇంకేం తెలియదు. మార్చిలో నాకు కరోనా వచ్చింది. అప్పటినుంచి వాసన లేదు" అన్నాడు.

వాసన పోయిన సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదట. పక్క తోటల వాళ్ళకి తెలిస్తే ముసలాయన పనైపోయిందంటారు. కూతురికి తెలిస్తే మర్నాడే వచ్చి సామాను సర్దిస్తుంది. అందుకని వచ్చిన వాళ్ళందరికీ పీపాలోంచే తీసి ఇచ్చి వాళ్ళ మొహాలు చూసుకుంటున్నాడు. "అందరూ బాగుందనే అన్నారు. ఇవాళ మీ అమ్మగారు కూడా అన్నారు. ఆవిడ వాసన చూసే పద్ధతి మా నాన్న పద్ధతి. ఇంక నాకు దిగుల్లేదు" అన్నాడు.

అప్పుడైనా చెప్పాలి. ఆ మొహంలో వెలుగు చూసి చెప్పలేకపోయాను. రైలు టైమవుతోందని మా ఆయన లేచాడు, నేనూ లేచాను.

రైల్లో అమ్మ నా ఎదురుగా కూర్చుంది. ఆయన ఏం చెప్పాడే అంత సేపు అని అడిగితే, వాసన పోయిన సంగతి చెప్పాను.

"అయ్యో. మరి ఆ మూడో పీపా సంగతి చెప్పావుగా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"చెప్పలేదూ? నేనేమన్నానని చెప్పావు?"

"బాగుందన్నావని."

ఆవిడ కుట్టిన మాస్కు వెనక ఆవిడ మొహం ఎలా మారిందో నాకు కళ్ళలోనే తెలిసిపోయింది. "రేపు మూడూ కలిపేస్తానన్నాడుగా. చెడిన పచ్చడి తీసుకెళ్ళి మంచి జాడీల్లో కలుపుకోమని చెప్పొచ్చావన్నమాట, నా పేరు పెట్టి. కళ్ళు కనిపించని వాడికి దారి తప్పు చెబుతామా ఎవరమైనా?"

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన అప్పుడే కునుకులోంచి తేరుకుని సంగతి విని, "గట్లెట్ల చెప్పకుంట వచ్చినవ్? లే, దిగుదాం పా" అన్నాడు. తర్వాతి స్టేషన్లో దిగి అవతలి ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళాం. మళ్ళీ ఆ మెట్లన్నీ ఎక్కాం. ఈసారి అమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు.

గేటు దగ్గర మమ్మల్ని చూసి ఏదో మర్చిపోయామనుకున్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. మధ్యాహ్నం బాగుందని అన్నది నేను, అమ్మ కాదని కూడా చెప్పాను. ఆయన మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి, ఆరు గ్లాసుల అడుగున సుద్దముక్కతో గుర్తులు పెట్టి, మాకు వీపు తిప్పి మూడు పీపాల్లోంచీ రెండేసి పోసి, గ్లాసులు అటూ ఇటూ మార్చాడు. అమ్మ వరసగా వాసన చూసి, రెండు గ్లాసుల్ని వేళ్ళ వెనక భాగంతో పక్కకి నెట్టింది. ఆయన ఎత్తి అడుగు చూశాడు, రెండూ మూడో పీపావే. మళ్ళీ కలిపాడు. మళ్ళీ ఆ రెండే పక్కకి వచ్చాయి. మూడోసారి కలపడానికి చెయ్యి చాపి, బల్ల మీద అలాగే ఆపేశాడు.

"ఆస్పత్రిలో ఉన్న నెలన్నరా పీపాల్లో ఆవిరై తగ్గిన వెలితి పూడ్చలేదు. ఈ మూలదాంట్లోనే ఎక్కువ తగ్గింది. వచ్చాక నింపాను. సరిపోయిందనుకున్నాను" అన్నాడు.

"జాడీ మెడదాకా ఉండాలని చెప్పు. పైన నూనె తేలకపోతే మా పచ్చడైనా అంతేనని చెప్పు. మిగతా రెండూ బంగారంలా ఉన్నాయని కూడా చెప్పు" అంది అమ్మ. ఒక్క ముక్క మార్చకుండా చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇక నాకెప్పుడూ 'చాలా బాగుంది' అని చెప్పకండి" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

సోమవారం రెండు పీపాలే సీసాల్లోకి వెళ్ళాయి. మూడోది వెనిగర్‌కి వదిలేశాడు. ఆ తర్వాత ప్రతి శనివారం అమ్మ అక్కడికి వెళ్ళేది. సెప్టెంబర్లో కొత్త ద్రాక్ష తొట్లలో పులుస్తుంటే ఒక్కొక్క తొట్టి మీదా వంగి వాసన చూసేది. ఇద్దరికీ ఉమ్మడి భాషంటూ లేదు. ఆవిడ తలూపితే ఆయన ముందుకెళ్ళేవాడు, చెయ్యి అడ్డంగా తిప్పితే ఆగేవాడు. తప్పుచేసిన దాన్ని కాబట్టి నేను మూల కూర్చుని బకెట్లు కడిగేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ ఏడాది మొత్తంలో నేను సుఖంగా ఉన్నది ఆ శనివారాల్లోనే.

అక్టోబర్లో అమ్మకి విమానం దొరికింది. ఆఖరి శనివారం ఆవిడ నాలుగు చిన్న స్టీలు డబ్బాలు తెచ్చింది. రోజూ పొద్దున ఏవైనా నాలుగు వాసనలు చూస్తుంటే తిరిగి రావచ్చని డాక్టరు ఆయనతో అన్నాడట. ఆశలేక మానేశాడు. ఒక డబ్బాలో లవంగాలు, ఒకదాంట్లో జీలకర్ర, ఒకదాంట్లో ఎండిన కరివేపాకు. నాలుగోది ఇంగువ.

"వద్దమ్మా, ఇంగువ ఎందుకు? బాగుండదు" అన్నాను.

"వాసనే తెలియని మనిషి దగ్గర కూడా నీ మొహమాటమేనా?" అని ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆవిడకి నమస్కారం పెట్టాడు, అచ్చం మన పద్ధతిలో.

అమ్మ వెళ్ళిపోయింది. శీతాకాలం మళ్ళీ అన్నీ మూసేశారు. ఆయనకి నేను అప్పుడప్పుడూ మెసేజ్ పెట్టేదాన్ని. డబ్బాలు చూస్తున్నాను, ఏమీ లేదు అని జవాబొచ్చేది. అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు అదే అడిగేది. "పెద్దాయనకి ముక్కొచ్చిందా?" ఇంకా లేదమ్మా అని చెప్పడం నాకు అలవాటైపోయింది.

జనవరిలో ఒక పొద్దున ఆయన దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మీ అమ్మగారికి చెప్పండి. నాలుగో డబ్బా కంపు కొడుతోంది. ఇవాళ మూత తీశాను, ఘోరమైన కంపు. భరించలేక గది బయటికి వచ్చేశాను. ఈ మాట ఇలాగే చెప్పండి. బాగుందని మార్చి చెప్పకండి."

గుంటూరుకి ఫోన్ చేశాను. అమ్మ వంటింట్లో ఉన్నట్టుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"పెద్దాయన చెప్పమన్నాడు. నీ ఇంగువ కంపు కొడుతోందటమ్మా. భరించలేనంత కంపట" అన్నాను.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చుకున్నట్టు వినిపించింది.

"ఇంకోసారి చెప్పవే" అంది అమ్మ.