అరుణమ్మ మూడో బిడ్డ

బాన్సువాడ పంచాయతీలో తమ వార్డు ఆడవాళ్లకు రిజర్వయిందని తెలిసిన రోజు ముత్తెన్న ఇంటికి మిఠాయి తెచ్చాడు. అంతకు ముందొకసారి నిలబడి ఓడిపోయిన మనిషి. తాను కాకపోతే భార్య. నిలబడతావా అని అరుణమ్మను అడగలేదు, నిలబడుతున్నావని చెప్పాడు. ఆమెకూ లోలోపల సంతోషమే అయింది. బోరింగు చెడిపోయినా, ఆలుమగలు కొట్లాడుకున్నా ఆ వీధివాళ్లు ముందు పిలిచేది ఆమెనే.

అడ్డంకి ఇంట్లోనే ఉంది. తొంభై ఐదు తర్వాత మూడో సంతానాన్ని కన్నవాళ్లు పోటీకి పనికిరారని చట్టం. ఇద్దరు కొడుకుల తర్వాత, మొక్కులు మొక్కి మరీ కన్న ఆడపిల్ల ప్రియదర్శినికి అప్పుడు నాలుగేళ్లు.

ముత్తెన్న అక్క దేవీబాయిని మద్నూర్‌లో ఇచ్చారు. ఆమెకు పిల్లల్లేరు. "ఓట్లయ్యేదాక పిల్ల అక్క దగ్గరుంటది. ఎవలన్న అడిగితె అక్క బిడ్డే అందాం. ఒక్క నెల" అన్నాడు ముత్తెన్న. అరుణమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత తానే గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దింది.

నామినేషన్ల పరిశీలన నాడు ఎదుటి పక్షం వాళ్లు అభ్యంతరం పెట్టారు. పురుడు పోసిన పెంటవ్వనే సాక్ష్యానికి తీసుకొచ్చారు. ముసలామె నేల చూపులు చూస్తూ తనకు యాది లేదంది. ఇరుగుపొరుగూ అదే మాట. అందరూ అరుణమ్మ మీది ప్రేమతోనే అబద్ధమాడారు. ఒక్కరైనా నిజం చెబితే బాగుండునని ఆమెకా క్షణంలో అనిపించింది. ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు.

"నాకిద్దరు కొడుకులే సార్. గా పిల్ల మా వదినె బిడ్డ."

మంచి మెజారిటీతో గెలిచింది. ఓడినవాళ్లు కోర్టుకెక్కారు. కేసు తేలేదాకా పిల్లను తేవద్దని వకీలు గట్టిగా చెప్పాడు. నెల సంవత్సరమైంది, సంవత్సరం నాలుగేళ్లయింది. ఈలోగా అరుణమ్మ వీధికి నల్లా పైపులు వేయించింది, మురికినీళ్లు పోయేందుకు మోరీలు కట్టించింది. పండగలకు మద్నూర్ వెళ్లేది. మొదట్లో పిల్ల ఆమె కొంగు పట్టుకుని వదిలేది కాదు. తర్వాత తర్వాత ఆటలోంచి లేచి వచ్చేది కూడా కాదు. మద్నూర్ మహారాష్ట్ర సరిహద్దులోనే, దేవీబాయి ఇంట్లో మరాఠీ. పిల్ల ఆమెను అమ్మ అన్నట్టు 'ఆయీ' అని పిలిచేది, అరుణమ్మను 'మామీ' అనేది. మేనమామ భార్యను అక్కడ అలాగే పిలుస్తారు.

రెండు వేల ఆరులో పదవీకాలం ముగిసింది, కేసూ వీగిపోయింది. మళ్లీ నిలబడమని ముత్తెన్న పోరుపెట్టాడు. ఆమె ఒక్కతే మద్నూర్ బస్సెక్కింది. దేవీబాయి ఎదురు చెప్పలేదు. "నీ బిడ్డ. తీస్కపో" అని లోపలికెళ్లిపోయింది.

తొమ్మిదేళ్ల ప్రియదర్శిని బాన్సువాడ ఇంట్లో చుట్టంలా మసలింది. మంచినీళ్లు కూడా అడిగే తాగేది. వారం గడిచాక అడిగింది. "మామీ, నేనింటికి ఎప్పుడు పోవాలె?"

"గిదే నీ ఇల్లు బిడ్డా. నిన్ను కన్నది నేనే."

కోపమేమీ లేదు పిల్ల ముఖంలో. "మరి ఆఫీసర్ ముందట నా బిడ్డ కాదన్నవంట గద?"

ఎవరు చెప్పారని అరుణమ్మ అడగలేదు. మర్నాడు పొద్దున పిల్లకు తల దువ్వి, తానే మద్నూర్ తీసుకెళ్లి దిగబెట్టింది. దేవీబాయి పిల్లను పొదువుకుని ఏడ్చింది. తన సంతోషానికి తానే సిగ్గుపడినట్టు అరుణమ్మ వైపు చూడలేకపోయింది.

మూడేళ్ల తర్వాత మద్నూర్ నుంచి కబురొచ్చింది, పిల్ల పెద్దమనిషయిందని. ముత్తెన్న, అరుణమ్మ మేనమామ లాంఛనంగా చీర, గాజులు తీసుకెళ్లారు. పీట మీద పిల్ల, పక్కన తల్లిగా దేవీబాయి. మేనమామ భార్య పసుపు రాయాలని ఎవరో పిలిస్తే అరుణమ్మ లేచి వెళ్లి, బిడ్డ రెండు చెంపలకూ పసుపు రాసి, వచ్చి మళ్లీ చుట్టాల వరుసలో కూర్చుంది.