నేను గీసిన వత్తుల పేజీలు

తాండూరులో నేను పనిచేసిన చిన్న బడి మూతపడ్డాక, పిల్లలకు చేతిరాత నేర్పే ఒక కంపెనీ శాఖ తీసుకున్నాను. బోర్డు వాళ్లది, పుస్తకాలు వాళ్లవి, పద్ధతి వాళ్లది. ఒప్పందం ఇరవై పేజీల ఇంగ్లిషు. గది ఎంత ఉండాలి, ఫీజు ఎంత కట్టాలి అన్నవి చూసుకుని, మిగతా పేజీల కింద చదవకుండానే సంతకాలు పెట్టేశాను.

కంపెనీ పుస్తకాల్లో ఇంగ్లిషు తప్ప మరో భాష లేదు. మొదటి నెలలోనే ఒకావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబం.

"మేడం, ఇంగ్లీష్ తర్వాత చూస్కుందాం. మా బిడ్డకు తెలుగుల వత్తులు వస్తలేవు. బళ్లె సార్ రోజు తిడుతుండు. మస్తు పరేషాన్ అయితుంది పిల్ల," అంది.

ఆ పిల్ల ముందు ఉర్దూ రాయడం నేర్చుకుంది. తెలుగు అక్షరాన్ని కూడా కుడివైపు నుంచే మొదలుపెట్టేది. వారం రోజులు పక్కన కూర్చుని ఆమె చేతినే చూశాను. తర్వాత గళ్ల కాగితం మీద పేజీలు గీయడం మొదలుపెట్టాను. అ ఆలతో కాదు, చేయి తిరిగే వరసలో. వ వచ్చాక మ, మ వచ్చాక య. పెన్సిల్ ఎక్కడ ఆనించాలో అక్కడ ఒక కందిగింజ బొమ్మ. "గింజ మీద పెట్టు" అంటే చాలు, పిల్లకు అర్థమయ్యేది. వత్తులకు వేరే పేజీలు. ఏడాది తిరిగేసరికి నలభై పేజీలయ్యాయి. బషీరాబాద్ నుంచి కూడా ఇద్దరు పిల్లలు షేర్ ఆటోలో వచ్చేవాళ్లు.

తనిఖీకి వచ్చిన కంపెనీ మనిషి ఆ పేజీలు తిప్పి, "మంచిగున్నయ్ మేడం. ఫొటోలు తీసి ఆఫీసుకు పంపుండ్రి," అన్నాడు. పంపాను. "మన పుస్తకంలో వేసుకుంటే సంతోషం" అని మెసేజ్ కూడా నేనే పెట్టాను.

మరుసటి ఏడు తెలుగు పుస్తకం అచ్చయి వచ్చింది. అన్నీ నా పేజీలే, గింజల చోట మాత్రం నక్షత్రాలున్నాయి. సర్వహక్కులూ కంపెనీవని లోపల రాసి ఉంది. నా పేరు ఎక్కడా లేదు. అయినా ఆ రోజు చుట్టుపక్కల ఇళ్లవాళ్లందరికీ చూపించుకుని మురిసిపోయాను.

ఒప్పందం గడువు ముగిసే ముందు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వికారాబాద్‌లో పెద్ద శాఖ పెడుతున్నారట, తాండూరు ఒప్పందాన్ని పొడిగించడం లేదట. బోర్డు, పుస్తకాలు, వాటితోపాటు నేను తయారుచేసినవన్నీ అప్పగించాలి. ఆ తర్వాత వాడితే కాపీరైటు కేసు.

రైలెక్కి వికారాబాద్ వెళ్లాను. ఆ ఒప్పందాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది ఆ రైల్లోనే. కోర్టు దగ్గర కూర్చునే పెద్ద వకీలు కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"చేతిరాత నేర్పుడు ఎవ్వలూ ఆపలేరమ్మా. అక్షరాలు ఎవ్వని సొత్తు కాదు. గని పుస్తకం వాళ్లది. ఒప్పందం ఉన్నన్ని దినాలే మీరు వాడుకోవాలె."

"పుస్తకం సరే సార్. గీసింది నేనే గద?"

ఆయన ఒక పేరా మీద వేలు పెట్టాడు. "వాళ్ల పద్ధతిల మీరేం చేర్చినా అది వాళ్లకే రాసిచ్చినట్టు. సంతకం మీదే గద?"

"నాదే."

"పైంగ పుస్తకంల వేసుకొండ్రని మీరే మెసేజ్ పెట్టినరు. కొట్లాడుతమంటే నోటీసిస్త. గని ఏండ్లు పడ్తది, గెలుస్తమని నేను చెప్పలేను. కొత్తయి గీసుకొండ్రి. పాతవాటి లెక్క కనవడొద్దు."

సామాన్లకు ఆ తనిఖీ మనిషే వచ్చాడు. "నా చేతుల ఏం లేదు మేడం," అన్నాడు తల దించుకుని. పెన్సిలుతో గీసిన అసలు పేజీలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయని అతనికి తెలియదు. కేసు భయంతో నేనే తీసి ఇచ్చాను.

రెండు నెలలు కొత్త పేజీలు గీశాను. వరస మారిస్తే ఆ ఉర్దూ ఇంటి పిల్ల మళ్లీ కుడివైపు నుంచి మొదలుపెట్టేది. సరిచేస్తే పేజీ అచ్చం పాతదే అయ్యేది. పిల్లల చేయి చూసి గీసినవి అవి. ఇంకో దారి నాకు దొరకలేదు. గీసినవన్నీ చించేసి, క్లాసు ఆపేశాను.

ఇప్పుడు నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఆఫీసులో కంప్యూటర్ మీద బిల్లులు కొడుతున్నాను. మొన్న కూరగాయల మార్కెట్లో ఆ పిల్ల తల్లి కనబడింది.

"వికారాబాద్ దాకా ఎట్ల తోల్కపోవాలె మేడం? ఆదివారం మీ ఇంట్లనే ఒక్క గంట చెప్పుండ్రి. కాయితాలు ఏం వద్దు."

నోటితో చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వకీలు చెప్పిన మాట నాకు గుర్తుంది. కానీ పెన్సిల్ పట్టుకుని పిల్ల పక్కన మళ్లీ కూర్చోవాలన్న కోరికే నాలో మిగల్లేదు.

"కుదరదమ్మా," అన్నాను.

"అట్లనా," అని ఆవిడ సంచి అందుకుని ఉల్లిగడ్డల వైపు వెళ్లిపోయింది.