జాడీలో పటిక

గోదావరికి ఎర్రనీరు వచ్చింది. మలికిపురంలో మా కుళాయిలోనూ అదే రంగు. బిందెలో పటిక ముక్క తిప్పి, అలవాటుకొద్దీ తడివేలు నాలుకకు తగిలించాను. ఆ వగరుకు ప్రభుదాసు మాస్టారు గుర్తొచ్చారు. ఇన్నేళ్లయినా నా సిగ్గు పోలేదు.

తొంభైల చివర్లో ఆయన అమలాపురంలో జియాలజీ లెక్చరరు. నేను ఆయన దగ్గర పరిశోధనలో సహాయకురాలిని. ఒక గనిలోని సీసపు ఖనిజం ఎప్పుడు ఏర్పడిందో తేల్చడం ఆయన పీహెచ్‌డీ. ఖనిజంతోపాటే పుట్టిన బంకమట్టి దాన్ని అంటుకుని ఉంటుంది. ఆ మట్టిలోని పొటాషియంలో కొంత, యుగాలు గడిచేకొద్దీ ఆర్గాన్ వాయువుగా మారుతుంది. రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే వయసు తెలుస్తుంది. కొలిచే యంత్రం దూరాన పెద్ద నగరంలో ఉంది. మట్టిని వేరుచేయడం మా పని. నీళ్లలో కలిపి ఉంచితే ముతక రేణువులు ముందే అడుగుకు దిగిపోతాయి. పైన తేలే సన్నమట్టిని వేరే జాడీలో పోసి, అది దిగేదాకా రోజుల తరబడి కాచుకోవాలి. మా దగ్గర ఉన్నది గుప్పెడు మట్టి. గని అప్పటికే మూతపడింది.

వారమైనా జాడీలో నీళ్లు తేరుకోలేదు. నాకసలే ఓపిక తక్కువ. ఇంట్లో వరదనీళ్లకు చేసినట్టే పటిక తిప్పేశాను. గంటలో తేటపడింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మాస్టారు వచ్చి జాడీ ఎత్తి చూశారు.

"ఇంత తొందరగా ఎలా తేరుకుందమ్మా?"

"ఏమోనండీ. దానంతటదే తేరుకుందండీ."

ఆయన వేలు ముంచి నాలుకకు రాసుకున్నారు. ఆయనా కాలవనీళ్లు తాగి పెరిగినవారే.

"పటికేసేవా?"

"ఆయ్," అన్నాను తల దించుకుని.

"పటికలోనూ పొటాషియమేనమ్మా ఉండేది."

పొటాషియం ఎక్కువైతే ఖనిజం వయసు అసలుకన్నా తక్కువగా తేలుతుంది.

"కడిగేసి పంపిద్దామండీ. ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాను ఏడుస్తూ.

"ఎంత కడిగినా కొంత మిగిలిపోద్దమ్మా. యంత్రం ఏదో అంకె ఇచ్చేస్తది. అది చూసి జనం నమ్మేస్తారు."

సిద్ధాంత గ్రంథంలో వయసు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశారు. కింద ఒక్క వాక్యం: "నమూనా తయారీలో నా పొరపాటు వల్ల వయసు తేలలేదు." టైపు చేసింది నేనే. పొరపాటు నాదని రాయమంటే, "నీకింకా ఉద్యోగం రావాలి కదమ్మా," అన్నారు. నేను మళ్లీ అడగలేదు. నాకు ఉద్యోగం వచ్చింది. ఆయనకు పట్టా రాలేదు.

ఇప్పుడు రాజోలులో నేనూ జియాలజీ చెబుతున్నాను. ప్రతి ఏడాదీ మొదటి ప్రయోగం రోజున పిల్లలకు ఆ వాక్యం చదివి వినిపించి, ఆ పొరపాటు చేసింది నేనని చెబుతాను. ఆయన బతికుండగా ఒక్క ఏడాది కూడా చెప్పలేకపోయాను.