అందరికీ చూపించిన గిర్ని

తెల్లారి ఆరు కావస్తోంది. మంచు ఇంకా విడవలేదు. నిన్న పగటిపూట తిన్న జొన్న గట్క తప్ప సమ్మన్న కడుపులో ఏమీ లేదు. తల మీద గోనెసంచి కప్పుకొని, బాన్సువాడ బస్టాండు వెనక సందులో, రౌఫ్ గిర్ని ముందు ముడుచుకొని కూర్చున్నాడు.

గిర్ని అంటే పెద్దదేం కాదు. రేకుల కొట్టం, ఆయిలింజను, వడ్లు పట్టే మర ఒకటి. ఇంజను వేడెక్కకుండా పక్కన సిమెంటు తొట్టిలోంచి నీళ్లు తిరుగుతుంటాయి. ఇంజను కాసేపు నడిచిందంటే ఆ నీళ్లు కాగుతాయి. చలికాలం హమాలీల స్నానాలన్నీ అక్కడే. సందులోని ఆడవాళ్లు బిందెలు పట్టుకొచ్చినా రౌఫ్ వద్దనేవాడు కాదు. స్నానాలయ్యేసరికి అతని భార్య హలీమా జొన్నరొట్టె, చాయ పంపేది. ఏళ్ల తరబడి ఆ గిర్నిలో మూటలు మోస్తున్న సమ్మన్నకు కూలికంటే ముందు ఆ రొట్టె గుర్తొచ్చేది.

ఆ పొద్దు రౌఫ్ ఇంజను తిప్పలేదు. ఉతికిన కుర్తా వేసుకొని బయటికి వచ్చాడు.

"బ్రహ్మానందం సారు వస్తుండు. ఇయ్యాల గిర్ని లేటు."

"రొట్టె గూడ లేటేనా సేటూ?"

"గిర్ని అమ్ముతున్న సమ్మన్నా. నీకు రొట్టె ఫికరే."

సమ్మన్న లేచి నిలబడ్డాడు.

బ్రహ్మానందం వాళ్లు కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర కాలువ కింద పొలాలు కొన్నారు. పొలాల మీద వచ్చిన దాంతో కరెంటు మిల్లు పెట్టాడు. అది పెద్ద మిల్లు. దాని ఆకలికి చాలినన్ని వడ్లు దొరకడం లేదు. ఊరూరా ఉన్న చిన్న గిర్నులు తలా ఇంత తింటున్నాయి. అందుకని వాటినే కొనడం మొదలుపెట్టాడు. రౌఫ్‌కేమో డీజిలు ధర పెరిగింది, ఇంజను ముసలిదైంది.

"అన్నీ కలిసి ఒక కంపెనీ అవుద్దండీ," అన్నాడు బ్రహ్మానందం, చాయ గ్లాసు పట్టుకొని. "బోర్డు మీద పేరు మారుద్ది, అంతే. మేనేజరు మీరే."

"ఒక్కటే మాట సారూ. గిర్ని బంద్ గావద్దు. తట్టల్ల వడ్లు తెచ్చుకునే ఆడోళ్లు యాడికి పోతరు? గీ హమాలోళ్లు యాడికి పోతరు?"

"నడిచే గిర్నిని ఎవరన్నా ఆపుకుంటారా రౌఫ్ గారూ?"

"జబాన్ ఇస్తున్నరా?"

"ఇచ్చానండీ."

రౌఫ్‌కు అది చాలు. తాను మాటిస్తే అది ఎన్నడూ తప్పలేదు. ఎదుటివాడిదీ అంతే అనుకున్నాడు.

నిజంగానే గిర్ని నడిచింది. బ్రహ్మానందం కొత్త బోర్డు కట్టించాడు, రేకులకు రంగు వేయించాడు. చుట్టుపక్కల గిర్నుల వాళ్లను జీపులో తెచ్చి చూపించేవాడు. ఎవరన్నా వెనకాడితే రౌఫ్‌ను వాళ్ల ఊరికే తీసుకుపోయేవాడు. రౌఫ్ గుండెల మీద చెయ్యి పెట్టుకొని, "నా గిర్ని నడుస్తలేదా? మీదీ నడుస్తది. నా జబాన్," అనేవాడు. కొలతలో ఎవరికీ పిడికెడు తక్కువ చేయని మనిషి. నమ్మారు. మొదట మద్నూర్ గిర్ని వచ్చింది, తర్వాత వర్ని దిక్కువి.

మద్నూర్ మరను లారీకి ఎక్కించడానికి సమ్మన్న పోయాడు. రిపేరుకని చెప్పారు. పెద్ద మిల్లు వెనక తుమ్మచెట్లలో దింపమన్నారు, దింపాడు. వానాకాలం పోయాక మళ్లీ ఏదో లోడుకు పోతే అది అక్కడే ఉంది, తుప్పు పట్టి. పక్కన ఇంకా కొన్ని మరలు.

"సేటూ, గవి రిపేరుకు గాదు. పారేసిండ్రు," అని చెప్పాడు వచ్చి.

"సీజను అయినంక బిగిస్తరట," అన్నాడు రౌఫ్. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టుంది.

ఇక మిగిలింది పెద్ద కొడప్‌గల్‌లో లింగం గిర్ని. లింగం, రౌఫ్ ఒకే మిస్త్రీ దగ్గర ఇంజను పని నేర్చుకున్నవాళ్లు. అక్కడికి జీపులో పోతుంటే, రౌఫ్ తోడు రమ్మంటే వచ్చి వెనక కూర్చున్న సమ్మన్నకు బ్రహ్మానందం మాటలు వినబడ్డాయి.

"లింగం గిర్ని మనలో కలవకపోతే, మీది ఒక్కటీ నడపటం నాకూ కష్టమేనండీ."

రౌఫ్ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

లింగం మంచం వాల్చి కూర్చోబెట్టాడు. "గీ సారు తియ్యటి మాటలు నాకొద్దు భాయ్. నువ్వు చెప్పు. నువ్వు చెప్తే ఇచ్చేస్త. నడుస్తదా?"

రౌఫ్ ఒకసారి సమ్మన్న దిక్కు చూశాడు. సమ్మన్న తల దించుకున్నాడు. ఆ ఒక్క మాట మీదే తన రొట్టె కూడా ఉందని అతనికి తెలుసు.

"నడుస్తది," అన్నాడు రౌఫ్. ఈసారి గుండెల మీద చెయ్యి పెట్టుకోలేదు.

"నువ్వు గట్ల సన్నగ చెప్తున్నవేంది? జరమొచ్చిందా?" అని నవ్వాడు లింగం.

మళ్లీ చలి మొదలయ్యేసరికి లింగం మర కూడా తుమ్మల్లోకి చేరింది. చూపించడానికి ఇక ఏ గిర్నీ అవసరం లేదు. రేపు లారీ వస్తుంది, ఇంజను విప్పి ఉంచండని పెద్ద మిల్లు నుంచి రౌఫ్‌కు కబురొచ్చింది.

ఆ సాయంత్రం రౌఫ్ ఎవరితోనూ కొట్లాడలేదు. వడ్లు లేకుండానే ఇంజను తిప్పాడు. వట్టిగా నడుస్తుంటే పక్కన నిలబడి చూశాడు. తొట్టిలో నీళ్లు పొగలు కక్కాక, సమ్మన్నకు చెంబు అందించాడు. సమ్మన్న పోసుకున్నాడు. ఒళ్లు వేడెక్కింది గానీ చలి పోలేదు.

తెల్లారి సమ్మన్న వచ్చేసరికి గిర్ని పక్కనే ఉన్న రౌఫ్ ఇంటికి తాళం వేసి ఉంది. మొగుడూ పెళ్లాం తొలి బస్సుకు పోయారని ఎవరో అన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు.

లింగం సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. తాళం చూశాడు.

"యాడికి పోయిండు?"

"తెల్వదన్నా."

"పోయేటప్పుడు నాకేమన్న చెప్పుమన్నడా?"

సమ్మన్న తల అడ్డంగా ఊపాడు. లింగం సైకిలు గోడకు ఆనించి, ఆ తాళం ముందే అరుగు మీద కూర్చున్నాడు. కోపానికి వచ్చినవాడు, ఎవరి మీద పడాలో తెలియక కూర్చున్నాడు.

లారీ వెనక్కు తిరిగి గిర్ని ముందు ఆగింది.

"ఓ అన్నా, లోడుకు చెయ్యి పడుతవా, ఇంకోన్ని పిలవాల్నా?" అన్నాడు డ్రైవరు.

రాత్రి నుంచి సమ్మన్న ఏమీ తినలేదు. లింగం దిక్కు చూడకుండా తాడు అందుకొని, ఇంజనుకు చుట్టడం మొదలుపెట్టాడు.