డెబ్బై వేలలో నాయన బండి

కంప్యూటర్ షాపులో మొదట ఎంతలో చూస్తున్నారని అడుగుతారు. ఆ తర్వాత ఎవరికని అడుగుతారు. యాభై ఎనిమిది వేలు అన్నాను. షాపతను తలాడించాడు. ఆటలు ఆడుకునే కంప్యూటర్, మా నాయనకు అన్నాను. అతను రాస్తున్న పెన్ను ఆపి, తమ్ముడికా మేడం అని ఇంకోసారి అడిగాడు. నాయనకే, అరవై రెండేళ్ళు, లారీ డ్రైవరు అని గట్టిగా చెప్పాను. నాకు తమ్ముళ్ళు లేరు. ఉన్నా వాళ్ళకు కొనిపెట్టేదాన్ని కాదు.

మాది నెల్లూరు వైపు కోట అనే ఊరి దగ్గర పల్లె. మా వైపు నేలలో సగం వరి, సగం రొయ్యల గుంటలు. నాయన ఆ రెండింటినీ మోశాడు. బుచ్చిరెడ్డిపాలెం మిల్లుల నుంచి బియ్యం, మా గుంటల నుంచి ఐసులో పెట్టిన రొయ్యలు. బియ్యం తడవకుండా చేరాలి, రొయ్యలు ఐసు కరగకుండా చేరాలి. ఈ రెండు భయాల మధ్య ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించాడు. ఇప్పుడు నేను గూడూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. మా స్టాఫ్ రూంలో కొందరు స్వయంకృషితో పైకొచ్చామని చెప్పుకుంటుంటారు. నాకు అలా చెప్పుకునే వీలు లేదు. నా కింద ఆరు టైర్లున్నాయి.

షుగరు నాయన ఎడమ కన్నును తీసేసింది. రెండో కన్ను బాగానే ఉందని నెల్లూరు డాక్టరుగారు చెప్పారు, కానీ ఒక్క కంటికి వస్తువు కనిపిస్తుందే గాని అది ఎంత దూరంలో ఉందో సరిగా అందదని కూడా చెప్పారు. ఇంటికొచ్చాక ఆ మాట నిజమేనని మాకు రోజూ తెలిసొచ్చింది. తలుపు గడియ కోసం చెయ్యి చాపితే బెత్తెడు ఇవతలే ఆగేది. లారీ లైసెన్సు ఇక రాదు. లారీ ఓనరుది, అందుకని తాళం ఇచ్చేసి వచ్చాడు. ఆ రోజు ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు, అదే మాకు వచ్చిన చిక్కు.

పొద్దున లేచి మొహం కడుక్కుని మళ్ళీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. చర్చికి నడిచి పోయి నడిచి వచ్చేవాడు, ఎవరన్నా బండి ఆపితే ఎక్కేవాడు కాదు. ఒకరు నడిపే బండిలో కూర్చునే అలవాటు ఆయనకు లేదు. ఒకసారి అమ్మ కొర్రమీను పులుసు చేసి ఇంకో గరిటె వేయబోతే, "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్నాడు. తమాషాకు అన్నట్టే అన్నాడు. అమ్మ గరిటె గిన్నెలో పెట్టి పెరట్లోకి పోయింది. నాకు ఆ సామెత అంటే అప్పటి నుంచీ ఒళ్ళు మంట. నడిచే మనిషి, తినే మనిషి, మా కళ్ళ ముందే ఉండి మాకు దొరకకుండా పోతున్నాడు. ఆయన్ని మళ్ళీ మాలోకి ఎట్లా తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

దారి చూపింది నా ఫోనే. ఒక వీడియోలో ఎవరో అబ్బాయి బల్లకు స్టీరింగ్ బిగించుకుని కంప్యూటర్లో లారీ నడుపుతున్నాడు. చూడు నాయనా అని మంచం దగ్గరికి పోయి చూపించాను. ఫోను చేతిలోకి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. కాసేపు చూసి, ఎక్కుడు రోడ్డు మీద ఆ గేరేంది, ఇంజను ఏడస్తా ఉంటే వాడికి వినపళ్ళేదా అన్నాడు. చాలా నెలల తర్వాత ఆయన నోట గేరు అనే మాట వచ్చింది. నేను ఆ సాయంత్రమే లెక్క వేసుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దినందుకు వచ్చింది, ట్యూషన్లకు వచ్చింది కలిపితే డెబ్బై వేలు. అంతకు మించి పైసా లేదు.

తాడు దొరికిందని ఎద్దును కొన్నట్టు, నేను ముందు స్టీరింగే కొన్నాను. చెన్నైలో ఎవరో వాడి అమ్మేస్తుంటే పన్నెండు వేలకు వచ్చింది. కింద క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు మూడూ ఉన్నాయి, పక్కన గేరు రాడ్డు కూడా ఉంది. పార్సిల్ విప్పగానే నాయన లేచి వచ్చాడు. క్లచ్చు అరచేత్తో నొక్కి చూశాడు. స్టీరింగ్ చుట్టూ వేలు పోనిచ్చాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, "చూసేదానికి బాగుండాది పాపా. నడిపేదానికి కన్ను కావాల గదా. నువ్వు నడుపు, నేను చూస్తా" అని పోయి మంచం మీద కూర్చున్నాడు. పడుకోలేదు, కూర్చున్నాడు. నేను ఆ మాత్రానికే దేవునికి వందనాలు చెప్పుకున్నాను. కానీ డబ్బంతా పోసి తెచ్చాక ఆయన నిజంగానే కూర్చుని చూస్తూ ఉండిపోతే ఏంటన్న భయం కూడా ఆ రోజే పట్టుకుంది.

మిగిలింది యాభై ఎనిమిది వేలు. ఇక మొదలయ్యాయి అసలు తిప్పలు. కంప్యూటర్‌ను విడిభాగాలుగా కొనడమంటే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. లెక్కలు చేసేదానికి ప్రాసెసర్, బొమ్మను గీసేదానికి గ్రాఫిక్స్ కార్డు, వీటిని కలిపి ఉంచే బోర్డు, కరెంటు పంచే పవర్ సప్లై, అన్నీ పెట్టుకునే డబ్బా, ఎదురుగా మానిటర్. ఒకదానికి రెండు వేలు ఎక్కువ పెడితే ఇంకోదాని గొంతు మీద కాలు పడుతుంది. ఆటల కంప్యూటర్ అంటే సగం డబ్బు కార్డుకే పెట్టాలని షాపతను అన్నాడు, వీడియోల్లో ఉన్నవాళ్ళూ అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక్క కంటితో చూసే మనిషికి చిన్న మానిటర్ తెచ్చి ఎంత గొప్ప బొమ్మ గీయించినా ఏం లాభం? ముందు పెద్ద మానిటర్ పక్కన పెట్టండి, ఆ మిగిలినదాంట్లో ఏ కార్డు వస్తే అదే నా కార్డు అన్నాను. షాపతను మంచివాడు. రెండేళ్ళ కిందటి మోడలు కార్డు ఒకటి కొత్తదే ఉందని లోపల్నుంచి వెతికి తెచ్చాడు. లారీ ఆటకు అది చాలని తన సొంత కంప్యూటర్లో వేసి చూపించాడు కూడా. ఇంకా ఏమీ కొనని మనిషి కోసం గంటసేపు అతను పడిన శ్రమను నేను మర్చిపోలేదు.

నేను కాలేజీ నుంచి రాగానే నాయన, ఇయాల ఏం తేలింది అని అడగడం మొదలుపెట్టాడు. ఆయనకు ఈ వ్యవహారం తెలిసిన పనిలాగే అనిపించింది. లారీ కూడా కంపెనీ నుంచి ఇంజనూ చాసిస్సే వస్తుందట, క్యాబినూ బాడీ షెడ్డులో మనకు కావలసినట్టు కట్టించుకోవాలట. అయితే తెలిసిన పని అనుకున్నాక ఆయన ఊరుకుంటాడా? పవర్ సప్లై పాతది తీసుకో, కొత్తదానికి అంత దండగ అన్నాడు. లారీలో సగం సామాను పాతదే వేసి నడిపాను, ఎప్పుడన్నా ఆగిందా అన్నాడు. చాలాసార్లు ఆగింది, నాకు గుర్తుంది. మా పల్లెలో గుంటల దగ్గర రొయ్యలకు గాలి అందేలా నీళ్ళు చిలికే మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఇంట్లో బల్బులు మొహం మాడ్చుకుంటాయి, అట్లాంటి కరెంటుకు పాత పవర్ సప్లై పెడితే మిగతా అన్నింటినీ తీసుకుపోతుంది, కాబట్టి కొత్తదే, మంచిదే అన్నాను. ఆయన ఇంకో మాట అన్నాడు, నేను రెండన్నాను. అమ్మ మధ్యలో వచ్చి, తండ్రీకూతుళ్ళ గొంతులు రోడ్డు మీదికి వినపడుతున్నాయని కసిరింది. కసిరి లోపలికి పోతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమెకు ఆ గొంతు వినపడి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. నేను కావాలనే పోట్లాట ఇంకాస్త పొడిగించాను.

పవర్ సప్లై దగ్గర నేను గెలిచాను. డబ్బా దగ్గర ఓడిపోయాను. డబ్బు మిగులుతుందని నేను లైట్లు లేని నల్ల డబ్బా చూసి పెట్టాను. లైట్లు ఎన్ని వస్తాయని అడిగాడు నాయన. రావన్నాను. నా మొహంలోకి అదోలా చూశాడు. లైట్లు లేని బండి రోడ్డు మీదికి తెచ్చేదానికి సిగ్గు గదా అన్నాడు. ఇది రోడ్డు మీదికి పోయే బండి కాదని చెప్పినా వినలేదు. ఇంజను ఒక మెట్టు తగ్గినా పర్లేదు, బండి మాత్రం చూడముచ్చటగా ఉండాలట. ప్రాసెసర్‌ను ఒక మెట్టు తగ్గించి, రంగులు మారే ఫ్యాన్లు మూడున్న డబ్బా తీసుకున్నాను. చదువుకున్న ఏ మనిషీ చేయని ఆ బేరానికి షాపతను పగలబడి నవ్వాడు. పరవాలేదు. నాయన సొంత డబ్బుతో సొంత లారీ ఎన్నడూ కొనుక్కోలేదు. తన బండికి ఏ లైట్లు కావాలో ఆయన చెప్పడం అదే మొదటిసారి.

చివరకు డెబ్బై వేలలో నాలుగు వందలు మిగిలాయి. అన్నీ షాపులోనే బిగించి ఇచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక ముందుగదిలో బల్ల మీద పెట్టాము. స్టీరింగ్ బిగించగానే అమ్మ, ఆగండి, అయ్యగారు వచ్చిందాకా ఎవురూ ముట్టుకోవద్దు అంది. అయ్యగారంటే మా పాస్టరుగారు. మావాళ్ళు కొత్త బండి కొంటే ఆయన వచ్చి ప్రార్థన చేసిందాకా కదిలించరు. అమ్మ దృష్టిలో స్టీరింగూ బ్రేకూ ఉన్నది బండే. ఇది వట్టి కంప్యూటరమ్మా, ఆయన నవ్వుతారు అన్నాను. ఆమె అప్పటికే చెప్పులేసుకుంది.

అయ్యగారు నవ్వలేదు. డబ్బాలో ఎర్రగా, నీలంగా తిరుగుతున్న ఫ్యాన్లను కాసేపు చూశారు. తర్వాత ఒక చెయ్యి దాని మీద, ఒక చెయ్యి నాయన భుజం మీద పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఏ ప్రార్థన చేయాలో ఆయనకూ తెలిసినట్టు లేదు, బండ్లకు చేసేదే మొదలుపెట్టారు. ఈ వాహనమును నీ రక్తముతో కప్పుము, దీనిని నడుపు నీ దాసుని పోవుటయందును వచ్చుటయందును కాపాడుము అన్నారు. ఎదురు వచ్చు వాహనముల నుండి తప్పించుమని కూడా అన్నారు. నాకు నవ్వు పొంగుకొచ్చి పెదవి కొరుక్కున్నాను. అప్పుడే పక్కన నాయన ఆమెన్ అన్న గొంతు విన్నాను. చాలా గట్టిగా అన్నాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది.

అయినా స్టీరింగ్ ముందు కూర్చోలేదు. నువ్వు కూర్చో పాపా అన్నాడు. సరేనని నేనే కూర్చున్నాను. గోడౌనుకు లారీని వెనక్కి పెట్టాలి, ఆటలో మొదటి పని అది. అద్దంలో చూసుకుంటూ పోతున్నా, ఇంకా చోటుందనే అనుకున్నా, స్తంభానికి గుద్దేశాను. మళ్ళీ ముందుకు తెచ్చి మళ్ళీ గుద్దాను. ఇంత పెద్ద మానిటర్ మీద కూడా ఆ గోడ ఎంత దూరంలో ఉందో నాకు అంతు పట్టలేదు. మూడోసారి గుద్దబోయే ముందు నాయన నా మోచెయ్యి పట్టుకుని లేపాడు. సరుకు పాడయిపోద్ది లే అన్నాడు.

కూర్చున్నాడు. సీటు సర్దుకునేవాడిలా కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. క్లచ్చు తొక్కి గేరు వేశాడు. నేను చూసినంత సేపూ ఆయన గోడను చూడలేదు. అద్దంలో వెనక టైరు పోయే గీతనే చూస్తూ, ఆగుతూ, కదులుతూ, ఏ తొందరా లేకుండా లారీని రెండు స్తంభాల మధ్యకు తీసుకుపోయి నిలబెట్టాడు. తెర మీద పచ్చ గుర్తు పడింది. అమ్మ స్తోత్రం అంది.

నాయన మాత్రం తెర వంకే చూస్తూ ఉండిపోయాడు. ఏమైందోనని నేను వంగి చూశాను.

"పాపా, ఒక కన్ను మూసుకో" అన్నాడు.

మూసుకున్నాను.

"ఆ గోడ ఇందాకట్లానే ఉండాదా? ఏమన్నా మారిందా?"

నేను నిజంగానే చూశాను. గోడ, స్తంభాలు, దూరంగా రోడ్డు, ఏదీ దగ్గరికి రాలేదు, దూరం పోలేదు. రెండు కళ్ళకు ఎట్లా ఉందో ఒక్క కంటికీ అట్లానే ఉంది. మారలేదు నాయనా అన్నాను. ఆయన నమ్మలేదు, అమ్మను కూడా మూసుకోమన్నాడు. అమ్మకు ఒక్క కన్ను మూయడం చేతకాదు, అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు కూడా ఎవరూ అడగకుండానే ఒక కన్ను మూసుకుని తెర ముందు నిలబడ్డారు. ఏమీ మారలేదని ముగ్గురమూ చెప్పాము.

నాయన మా మొహాలు ఒక్కొక్కటీ చూశాడు.

"అయితే ఈడ నాకూ మీకూ తేడా లేదే" అన్నాడు.

లేదు నాయనా, ఏం తేడా లేదు అన్నాను. ఆయన స్టీరింగ్ వైపు తిరిగి, తరువాత లోడు ఎక్కడికని అడిగాడు. చెప్పాను. లారీ గేటు దాటి రోడ్డెక్కింది. నేను పక్కన నిలబడి చాలాసేపు చూశాను, మూసిన కన్ను తెరవబుద్ధి కాలేదు.