హద్దు మీద ఎత్తి కుదేసిన రోజు

నా చిన్నప్పుడు మా వీధి ఏ ఊరికీ చెందేది కాదు. షికాగో శివార్లలో, షామ్‌బర్గ్ దగ్గర, మొక్కజొన్న చేల మధ్య పదకొండు ఇళ్ళు. ఉత్తరాలు పక్క ఊరి పేరుతో వచ్చేవి గనుక మేము ఆ ఊరివాళ్ళమేనని మా నాన్నగారు, అంత ఇంజనీరూ, నాలుగేళ్ళు నమ్మారు. తీరా చూస్తే మాది ఏ ఊళ్ళోనూ కలవని నేల.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా వీధిని అవతలి విలేజ్‌లో కలుపుతారన్న కబురు వచ్చింది. అక్కడ చిన్న పట్నాన్ని కూడా విలేజ్ అనే అంటారు. భోజనాల దగ్గర అమ్మ, "మన స్ట్రీట్ అంతా వాళ్ళ లిమిట్స్‌లోకి వెళ్ళిపోతుందటండీ, అన్నీ ఛేంజ్ అయిపోతాయేమో" అంది. సర్వే వాళ్ళు వచ్చి మార్క్ చేసేశారుగా, ఇక అయిపోయినట్టే అన్నారు నాన్నగారు.

ఆ 'అన్నీ' అన్న మాటే నన్ను పట్టుకుంది. బడి మారిపోతుంది, బస్సులో నా పక్కన కూర్చునే నేస్తం పోతుంది అనుకున్నాను. ఆ బడిలో నాతో మాట్లాడేది ఆ ఒక్క పిల్లే. ఎవరినీ అడగలేదు. అడిగితే నిజమేనంటారేమోనని భయం.

మర్నాడు బడి నుంచి రాగానే ఇళ్ళ వెనక్కి వెళ్ళి, సర్వే వాళ్ళు పాతిన, నారింజ రంగు రిబ్బన్లు కట్టిన కొయ్య మేకుల్ని ఒక్కొక్కటే పీకి మా గరాజ్‌లో దాచాను. గుర్తులే లేకపోతే ఎలా కలుపుతారని నా తెలివి! ఏడోది పీకుతుంటే, పక్కింటి ఆంటీ తన వెనక గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఆంటీ అంటున్నాను గానీ, ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి. ఇంగ్లండ్‌లో ఒక పారిష్‌లో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చిన మనిషి. పారిష్ అంటే ఒక చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళూ పొలాలూ, వాటికో చిన్న పంచాయతీ. నామీద అరవకుండా ఎందుకని అడిగింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

మెట్ల మీద కూర్చోబెట్టి వాళ్ళ పారిష్ సంగతి చెప్పింది. వాగు నుంచి గుట్ట పైదాకా, తువ్వాలు పరిచినట్టు, సన్నగా పొడుగ్గా ఉండేదట. కింద గడ్డి, మధ్యలో దున్నే నేల, పైన గొర్రెల మేత, అన్నీ అందరికీ కాస్త కాస్త అందాలని అలా గీశారట. గుట్ట అవతల ఒక ముక్క కూడా వాళ్ళదే ఉండేదట. ఎప్పుడో దాన్ని పక్క పారిష్‌కి ఇచ్చేశారట. ఈమధ్యే పారిష్ మొత్తాన్ని వేరే కౌంటీలో, అంటే వేరే జిల్లాలో, కలిపారని చెల్లెలు ఉత్తరం రాసిందట. "రాసింది మాత్రం అదే కిటికీ దగ్గర కూర్చుని" అని నవ్వింది. ఇక్కడ బడి గీత వేరు, ఊరి గీత వేరు, ఒకటి మారితే రెండోది మారదని అప్పుడు చెప్పింది.

నా ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆవిడ అంతటితో వదల్లేదు. మేకులన్నీ తెప్పించి, తడి నేలలో ఇంకా కనబడుతున్న గుంతల్లోనే నాచేత గుచ్చించింది. మా రెండిళ్ళ మధ్య మూలలో గడ్డి పక్కకి తీసి, హద్దు గుర్తుగా నేలకి సమంగా పాతిన ఇనుప కడ్డీ చూపించింది. వాళ్ళ పారిష్‌లో ఏడాదికోసారి పెద్దలు పిల్లల్ని వెంటబెట్టుకుని హద్దు చుట్టూ నడిచేవారట. ప్రతి హద్దురాయి మీదా పిల్లల్ని ఎత్తి కుదేసేవారట, కాగితాలు పోయినా ఒళ్ళు మరిచిపోదని. చెబుతూ చెబుతూనే నన్ను చంకల కింద పట్టుకుని ఆ కడ్డీ మీద మూడుసార్లు కుదేసింది. చురుక్కుమంది. తర్వాత ఒక టాఫీ ఇచ్చింది.

సాయంత్రం నాన్నగారికి నాచేతే చెప్పించింది. ఆయన కోప్పడబోయి, నా మొహం చూసి, "అడగొచ్చు కదా బంగారూ" అన్నారు. వీధి ఆ విలేజ్‌లో కలిసింది. బస్సు మాత్రం అదే వచ్చింది, పక్క సీట్లో నా నేస్తమే ఉంది.

కొన్నేళ్ళ కిందట ఆ ఇల్లు అమ్మాం. అప్పటికి ఆంటీ పోయింది, ఆవిడ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారు. కొలవడానికి వచ్చిన సర్వేయరమ్మ ఆ మూల దొరక్క గంటసేపు తిరిగింది. నేను వెళ్ళి ఒకచోట నిలబడి, ఇక్కడ తవ్వమన్నాను. జానెడు లోతులో కడ్డీ తగిలింది. ఎలా తెలిసిందని అడిగితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇప్పటికీ ఏ కొత్త ఇంటికి మారినా, సామాను విప్పకముందే దాని హద్దు చుట్టూ నడుస్తాను. మూలలో కాసేపు కూర్చుంటాను. అప్పుడు ఆంటీ చేతులు రెండూ నా చంకల కింద తగులుతాయి.