ఎనభై బలం సీసా

అరవైల మొదట్లో మాట. నరసరావుపేట దగ్గర మిషన్ వాళ్లు నడిపే ముసలివాళ్ల ఆశ్రమంలో నేను నర్సుని. అక్కడున్న పన్నెండు మందిలో ఒకావిడ గురజాల వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన టీచరమ్మ. ఆవిడకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున జావ తాగే ముందు నేనే ఇన్సులిన్ సూది వేసేదాన్ని.

ఒకరోజు పాత సీసా అయిపోయి, గుంటూరు నుంచి కొత్తది వచ్చింది. ఎప్పటిలాగే సిరంజిలో అదే గీత దాకా మందు లాగాను. ఆవిడ సీసా వైపు చూసింది.

"ఏందమ్మాయ్, దీని చీటీ రంగు మారింది?"

"అదే మందు టీచరమ్మగారూ. చెయ్యి ఇవ్వండి," అన్నాను. ఇంకా ఆరుగురు నా కోసం కాచుకుని ఉన్నారు.

రెండు గంటల తర్వాత వెళ్లేసరికి ఆవిడ జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉంది. నన్ను ఎవరో పాత విద్యార్థి అనుకుని, ఎక్కం అప్పజెప్పమంది. మాట ముద్దగా వస్తోంది. మందుల బల్ల దగ్గరికి పరుగెత్తి సీసా తీసి చదివాను. పాతది సీసీకి నలభై యూనిట్ల బలం. ఇది ఎనభై. అదే గీత దాకా లాగానంటే రెండింతలు ఎక్కించానన్నమాట.

పంచదార నీళ్లు చెంచాతో పట్టాను. రెండు గుక్కలు మింగి స్పృహ తప్పింది. ఇంకా పోస్తే పొలమారుతుందని ఆపేశాను. కబురందుకుని వచ్చిన డాక్టరుగారు నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది.

పెద్ద నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"జబ్బు ముదిరి పడిపోయిందని పుస్తకంలో రాయి. లేకపోతే ఆశ్రమం మూతపడుద్ది."

కలం పట్టుకున్నాను గానీ ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. జరిగింది జరిగినట్టు రాశాను. ఆమె నెల రోజులు నాతో మాట్లాడలేదు.

మర్నాడు టీచరమ్మ మంచం పక్కన కూర్చుని, తప్పు నాదేనని చెప్పాను.

"నేను అడిగాగా," అంది ఆవిడ.

తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆ వారమే డాక్టరుగారు, సూది వేసే ముందు ఇద్దరు కలిసి చీటీ పైకి చదవాలని నియమం పెట్టారు. టీచరమ్మ మరో ఏడాదిన్నర బతికింది. ఆ రోజు నుంచి మనుషుల పేర్లు మాత్రం తరచూ మరిచిపోయేది. వయసు వల్లనేనన్నారు డాక్టరుగారు. నమ్మాలనే చూశాను.